సత్తయ్య చాపిన చేతులు

దయ్యాలను వదిలించడం కొన్నేళ్ళపాటు నా ఉద్యోగంలో ఒక భాగం. నవ్వులాటకు చెప్పడం లేదు. మంత్రాలతో కాదు, తియ్యటి సిరప్‌తో వదిలించేదాన్ని. కాబట్టి వాటిని నమ్మే అవకాశం మీకున్నంత కూడా నాకు లేదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. చివరికి వచ్చేసరికి మీరు నన్ను ఇంకో రకంగా అనుకుంటారేమోనని.

మాది హాలియా దగ్గర ఒక పల్లె. నర్సింగ్ చదివాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు, లివర్ జబ్బుతో ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళ మీద ఒక పరిశోధన జరుగుతుంటే అందులో పనికి కుదిరాను. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ళు నావి. ఈ జబ్బున్నవాళ్ళకు ఏ ముప్పు ముందుగా వస్తుంది, దాన్ని ఇంట్లోవాళ్ళు దవాఖానకంటే ముందే పసిగట్టగలరా అన్నది తెలుసుకోవడం మా పని. జీపులో ఇంటింటికీ పోవాలి, రోగిని చూడాలి, ఇంట్లోవాళ్ళకు నేర్పాలి.

ముప్పుల్లో ఒకటి మెదడుకు సంబంధించింది. లివర్ చెడిపోతే ఒంట్లో తయారయ్యే విషం బయటికి పోక మెదడుకెక్కుతుంది. మనిషి పగలంతా పడుకుంటాడు, రాత్రంతా కూర్చుంటాడు. మాట తడబడుతుంది. ఎప్పుడో పోయిన తాతతో ముచ్చట పెడతాడు. గుర్రంపోడు వైపు ఒకాయనైతే, చచ్చిపోయిన బర్రె వంటింట్లో నిలబడి ఉందని, దాన్ని తోలేదాకా అన్నం ముట్టనని మొండికేశాడు. ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? గాలి సోకిందంటారు. తాయెత్తు కడతారు, వేపమండలతో దిగదుడుస్తారు. ఆలోగా మనిషి మగతలోకి జారిపోతాడు. ఆ తర్వాత లేవడు.

మేం చేసేది చాలా చిన్న పని. రోజూ రెండు మూడుసార్లు సాఫీగా విరేచనమయ్యేట్టు సిరప్ తాగిస్తాం. విషం దిగిపోతుంది. దాంతోపాటే తాతా పోతాడు, బర్రే పోతుంది. బర్రె పోయాక ఆయన సిగ్గుపడి నా ముఖం చూడలేదు. ఇట్లాంటివి ఎన్నో చూసి చూసి, ఎవరైనా దయ్యం అంటే చాలు, మోషన్ సరిగా అవుతుందా అని అడిగే అలవాటు పడింది నాకు. ఇంట్లో మా అత్తమ్మను కూడా అట్లాగే అడిగి తిట్లు తిన్నాను.

ఆ ముప్పు వస్తోందని ముందే తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రెండు చేతులూ ముందుకు చాపాలి. మణికట్టు వెనక్కి వంచి, వేళ్ళు విడదీసి, ఎదురొచ్చే మనిషిని ఆగమన్నట్టు చేతులు నిలిపి ఉంచాలి. బాగున్నవాడి చేతులు అట్లాగే నిలబడతాయి. విషమెక్కుతున్నవాడి చేతులు ఉండి ఉండి కిందికి పడి మళ్ళీ లేస్తాయి. వణుకు కాదది, కోడి రెక్క కొట్టుకున్నట్టు ఉంటుంది. రోజూ పొద్దున ఒకరు రోగి చేతులు చాపించి చూడాలి, ఊగితే ఆ పూటే దవాఖానకు తేవాలి. ఇదే మేం ఇంటింటికీ నేర్పింది.

సత్తయ్య, పద్మ అన్నాచెల్లెళ్ళు. దేవరకొండ నుంచి లోపలికి పోయే ఒక ఊళ్ళో ఉండేవాళ్ళు. ఇద్దరికీ పుట్టుకతో తల్లి నుంచి వచ్చిన వైరస్ లివర్‌ను మెల్లగా తినేసింది. ఇద్దరూ ఏనాడూ కల్లు, సారా ముట్టినవాళ్ళు కాదు. కానీ లివర్ అనగానే జనానికి సీసానే కనిపిస్తుంది. పద్మ కడుపులోకి నీరొచ్చిన రోజున, దొంగచాటుగా తాగుతోందని నింద వేసి ఆమె మొగుడు పుట్టింట్లో దింపి వెళ్ళిపోయాడు. నాకు ఆ మనిషి ఎదురుపడలేదు, అదే మంచిదైంది. నాకు నోరెక్కువ.

సత్తయ్యకు నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలికి ముందు నుంచీ జబ్బు ఎక్కువ. అందుకని ఆమెను కంటికి రెప్పలా చూసుకునేవాడు. పొద్దున లేవగానే ఆమె చేతులు చాపించి చూసేవాడు, తర్వాత ఆమె ఆయన చేతులు చూసేది. మా పరిశోధనలో ఇంత పట్టుదలగా చేసిన ఇల్లు ఇంకోటి లేదు. తమ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తల్లి లక్ష్మమ్మకు చెప్పొద్దని మాత్రం నా దగ్గర మాట తీసుకున్నాడు. "ఇంటే పానం మీదికి తెచ్చుకుంటది మేడం, మీరు జర ఆ ముచ్చట తియ్యకుండ్రి" అన్నాడు. నేను తియ్యలేదు.

ఆయనకు ఒక ఆట ఉండేది. మా జీపు కనిపిస్తే చాలు, అది బస్టాండైనా హోటలైనా, దూరం నుంచే రెండు చేతులూ చాపి నిలబడేవాడు. "సూడు మేడం, రాయి లెక్క ఉన్నయి" అనేవాడు. పక్కనున్నవాళ్ళు పిచ్చోణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. ఏమాటకామాట చెప్పుకోవాలి, నిజంగానే రాయిలా ఉండేవి.

ఆ ఏడు వానాకాలం నన్ను కొన్నాళ్ళు మహబూబ్‌నగర్ వైపు పంపారు. తిరిగి దేవరకొండ ఊళ్ళకు వచ్చేసరికి పత్తి ఏరే రోజులు. సత్తయ్య ఫోన్ ఎత్తడం లేదు. సరే పోయి చూద్దామని బయల్దేరాను. డ్రైవర్ యాదన్న కొత్తగా కుదిరాడు, ఆ ఊరికి ఆయన రావడం అదే మొదటిసారి.

ఇల్లు తాళం వేసి ఉంది. తాళం ఒక్కటే అయితే ఏమీ అనుకోకపోదును. తలుపుకు అడ్డంగా రేగుకంప కొట్టి ఉంది.

మా వైపువాళ్ళకు దాని అర్థం చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మంచిది కాని నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు విడిచిపెట్టాలని పంతులు చెబుతాడు. కొన్ని నెలలపాటు ఇంట్లోవాళ్ళు ఇంకో చోట తలదాచుకుంటారు. గడువు తీరేదాకా ఆ తలుపు తియ్యరు, లోపలి సామాను ముట్టరు. చెంబు మర్చిపోయినా సరే, అంతే.

అంటే ఆ ఇంట్లో ఎవరో పోయారు. ఎవరా అని ఎక్కువసేపు ఆలోచించనక్కర్లేకపోయింది. జబ్బు ముదిరింది పద్మకు. పద్మే పోయిందనుకున్నాను. ఆ గడప ముందు నిలబడి ఏడ్చాను కూడా. అడుగుదామంటే వాడకట్టులో మనిషి లేడు, ఊరంతా పత్తి చేలల్లో ఉంది. ఒక కుక్క, ఎండ, అంతే.

ఇల్లు మూసి ఉండి, ఫోన్ కలవకపోతే, ఆచూకీ లేదని రాసి ఆ పేరు మూసెయ్యాలి. మా పద్ధతి అది. ఇద్దరి పేర్లూ అట్లాగే మూసేద్దామని, సత్తయ్య ఎక్కడున్నాడో ఇంకోసారి వచ్చి కనుక్కుందామని జీపెక్కాను. మధ్యాహ్నం అయింది, ఇంకో ఊరు పోవాల్సి ఉంది.

ఊరు దాటాక బత్తాయి తోటల దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. అక్కడ యాదన్న తనంతట తనే బ్రేకు వేశాడు. "మేడం, ఎవరో ఆపుతుండు" అన్నాడు.

రోడ్డు పక్కన సత్తయ్య నిలబడి ఉన్నాడు. జీపుకు దగ్గర్లోనే. ముఖం స్పష్టంగా కనిపించింది. తెల్ల బనీను, నీలం గళ్ళ లుంగీ, భుజం మీద తువ్వాల. ఎప్పటిలాగే రెండు చేతులూ చాపి ఉన్నాడు.

నాకు ముందు ప్రాణం లేచి వచ్చింది. ఈయనైనా ఉన్నాడు అనుకున్నాను. ఆ తర్వాత చేతుల వైపు చూశాను. ఊగుతున్నాయి. ఉండి ఉండి కిందికి పడి లేస్తున్నాయి. కుడిచేయి కొంచెమే, ఎడమచేయి బాగా కిందికి జారి, ఆలస్యంగా లేస్తోంది. రాయిలాంటి ఆ చేతుల్ని అట్లా చూడటం ఇదే మొదటిసారి. చెల్లెలు పోయిన దిగుల్లో మందు మానేసి ఉంటాడు, రేపో మాపో ఈయనా పడిపోతాడు అనిపించింది.

"సత్తన్నా, జీపెక్కు, దవాఖానకు పోదాం" అంటూ దిగాను. కళ్ళలో కోపం లేదు, బాధ లేదు, నవ్వూ లేదు. వెనక్కి తిరిగి తోటల మధ్య బాటలో నడవడం మొదలుపెట్టాడు. చేతులు దించలేదు. వెనక నుంచి చూస్తే, ఎదురుగా ఏదో తలుపును తోస్తున్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టుకునే నడిచాడు. అయోమయంలో ఉన్న రోగులు అట్లాంటివి చేస్తారు. నేనూ అదే అనుకున్నాను, వెనకే పరుగెత్తాను.

పిలిచినా ఆగడే. బాట చివర ఒక తోటకు ముళ్ళకంచె, దానికి కర్రల తడిక. ఆయన తడిక దాటి చెట్ల వెనక్కి పోయాడు. నేను వెళ్ళేసరికి తడిక మూసి ఉంది. ఇనుప తీగతో గుంజకు మెలిక మీద మెలిక వేసి బిగించి ఉంది. దాన్ని విప్పడానికి వేళ్ళు చీరుకున్నాయి, తంటాలు పడ్డాను. చేతులు చాపుకున్న మనిషి దాన్ని విప్పి, దాటి, మళ్ళీ ఎట్లా బిగించాడన్న ప్రశ్న అప్పుడు రాలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది.

లోపల బావి, బావి పక్కన రేకుల కొట్టం. కొట్టం ముందు లక్ష్మమ్మ కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవబోయింది. నేను ఆయాసంలోనే అడిగాను, సత్తయ్య లోపలికి పోయాడా, ఆయన్ని వెంటనే తీసుకుపోవాలి, చేతులు ఊగుతున్నాయని.

ఆమె చాట కింద పెట్టింది. "నా కొడుకు ఏడున్నడు బిడ్డా? పోయి నెల దాటింది" అంది.

ఒకసారి తోట వైపు చూశాను, ఒకసారి ఆమె వైపు. ఆమె ఏడవడం లేదు, ఏడ్చి ఏడ్చి అయిపోయిన ముఖం అది. ఒక పూట ఉన్నట్టుండి రక్తం కక్కుకున్నాడని, దేవరకొండ చేరేలోపే పోయాడని చెప్పింది. ఈ జబ్బులో అదీ ఒక ముప్పే, గొంతు కింద ఉబ్బిన నరాలు పగులుతాయి. "ఆఖరి దినం పొద్దుగాల గూడ చేతులు సూస్కున్నడు. వాని చేతులు ఏనాడు ఊగలే" అంది.

అప్పుడు కొట్టం లోపలి నుంచి మూలుగు వినిపించింది. పద్మ.

మంచం మీద పడి ఉంది. మణికట్టుకు తాయెత్తు, తల దగ్గర వేపమండలు. ఊపిరిలో ముగ్గిపోయిన పండు వాసన. మా పనిలో ఉన్నవాళ్ళు ఆ వాసనను ఒకసారి చూస్తే మరిచిపోరు. రెక్క పట్టి లేపి కూర్చోబెట్టి, చేతులు చాపించాను. చెప్పింది కొంచెం కొంచెం అందుతోంది ఆమెకు. చేతులు ఊగాయి. కుడిచేయి కొంచెమే. ఎడమచేయి బాగా కిందికి జారి, ఆలస్యంగా లేచింది.

అచ్చం అట్లాగే. నేను రోడ్డు మీద చూసినట్టే.

భయపడటానికి టైము లేదు. సిరప్ ఏదని అడిగాను. సీసాలన్నీ ఆ ఇంట్లోనే ఉండిపోయాయట. గడువు తీరకుండా తాళం తియ్యకూడదు. మందు గడప లోపల, మనిషి గడప బయట. కొత్త సీసాలు తేవాలంటే తెచ్చే మనిషే లేడు. పైగా ఆ మందుతో విరేచనాలై బిడ్డ నీరసపడుతోంది కదా, ఆగితే ఒంటికి పడుతుందిలే అనుకుంది తల్లి. ఆమెను ఏమనగలను? కొన్నాళ్ళకు పద్మ పగలు పడుకోవడం, అన్నతో మాట్లాడటం మొదలుపెట్టింది. అన్నే పట్టుకున్నాడని ఊరు తేల్చేసింది.

దవాఖానకు తీసుకుపోతానంటే లక్ష్మమ్మ మంచానికి అడ్డం కూర్చుంది. "ఒగన్ని పట్టుకపోతే పీనుగై వచ్చిండు. దీన్ని ఇయ్య. నా కండ్ల ముంగట్నే పోనియ్యి" అంది. నాకు తెలిసిన సైన్సంతా చెప్పాను. అరిచాను. బతిమాలాను. ఆమె కదల్లేదు. పద్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. అదే మగత. ఇంకొంచెం జారితే నా చేతుల్లో ఉండదు.

అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. "పెద్దమ్మా, నన్ను సత్తన్ననే తోల్కొచ్చిండు. రోడ్డు మీద చేతులు చాపి జీపు ఆపిండు. నేనెందుకు వచ్చిననుకుంటున్నవ్ ఈ తోటలకు?"

అన్నాళ్ళూ దయ్యం మాట చెప్పినవాళ్ళందరితో కొట్లాడినదాన్ని, ఆ రోజు దయ్యం పేరే చెప్పి రోగిని కదిలించాను. లక్ష్మమ్మ నా ముఖంలోకి చూసింది. నా చేతి వేళ్ళ రక్తం చూసింది. ఇంకేమీ అడక్కుండా లేచి, మంచం కాళ్ళ వైపు తనే పట్టుకుంది. నేను యాదన్నను కేకేశాను. మంచంతో సహా జీపు దాకా మోశాం.

పద్మ బతికింది. దవాఖానలో కడుపు శుభ్రం చేసి, మందు పట్టించాక, రెండు మూడు రోజులకు తెలివి పూర్తిగా వచ్చింది. కాగితం మీద చెదిరి ఉన్న అంకెల్ని వరుసగా గీతతో కలిపే పరీక్ష పెడితే నాకంటే గబగబా కలిపింది. అంతా సరిగ్గా ఉందని డాక్టర్ సార్ చెప్పాకే ఆమెతో మాట్లాడాను. రోడ్డు సంగతి ఆమె దగ్గర ఎవరూ ఎత్తలేదు. లక్ష్మమ్మను కూడా అడిగి రూఢి చేసుకున్నాను.

ఆ రోజు ఏం గుర్తుందని అడిగాను. "అన్న వచ్చిండు మేడం. రోజు లెక్కనే పొద్దుగాల నా చేతులు సూసిండు. ఊగుతున్నయి చెల్లె, మేడంను తోల్కొస్త అని పోయిండు" అంది.

అన్న పోయాడని తెలుసు కదా అన్నాను. "ఎరుకే మేడం. నా ముంగట్నే గదా పోయిండు" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూస్తూ. తర్వాత తల అటు తిప్పుకుని చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పద్మ చూసినదానికి నా దగ్గర జవాబుంది. మెదడుకు విషమెక్కింది, పోయిన అన్న కనిపించాడు. బర్రె కనిపించినట్టే. మరి నాకు ఏమెక్కింది? డాక్టర్ సార్ ఓపిగ్గా విన్నాడు. ఎండ, ఆకలి, ఏడుపు, ఆ ఊరి దారిలో ఆయన్ని చూసే అలవాటు, ఇవన్నీ కలిసి మనసు బొమ్మ కట్టి ఉంటుందన్నాడు. కావచ్చు. నేనే ఎవరికైనా అదే చెప్పేదాన్ని. కానీ బ్రేకు వేసింది నేను కాదు. యాదన్న సత్తయ్యను ఎన్నడూ చూసినవాడు కాదు. ఆయన్ను విడిగా అడిగాను. "గళ్ళ లుంగి మేడం. ఒక్క చేయి ఎత్తి ఆపుతరు గద ఎవరన్న, గాయన రెండు చేతులు చాపిండు. ఎడమచేయి పడిపోతుండె. పక్షవాతం అనుకున్న" అన్నాడు. నేను ఎడమచేయి సంగతి ఆయనతో అనలేదు.

ఒట్టేసి చెబుతున్నాను, నా రక్తం కూడా పరీక్ష చేయించుకున్నాను. లివర్‌తో సహా అంతా మామూలుగా ఉంది. సార్ నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

గడువు తీరాక వాళ్ళు రేగుకంప తీసి ఇంట్లోకి మారారు. పద్మ మందు తప్పకుండా తాగుతోంది, బాగుంది. కిందటిసారి పోయినప్పుడు అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను, రోజూ పొద్దున నీ చేతులు ఎవరు చూస్తున్నారని. మా అమ్మ అంటుందనుకున్నాను. ఆమె తల వంచుకుని, "అమ్మకు కండ్లు సరిగ కానొస్తలేవు మేడం" అని మాత్రం అంది. మరి ఎవరు చూస్తున్నారని అడిగే ధైర్యం లేకపోయింది. పద్మ తెలివి నాకంటే చురుగ్గా ఉందని మళ్ళీ పరీక్షలో తేలింది.

ఇప్పుడు ఆ ఉద్యోగం మానేశాను, దవాఖానలోనే పని చేస్తున్నాను. అలవాటు మాత్రం ఒకటి మిగిలింది. పొద్దున లేవగానే, ఎవరూ చూడకుండా, రెండు చేతులూ చాపి మణికట్టు వెనక్కి వంచి నిలబడతాను. ఊగవు. రాయిలా ఉంటాయి. ఒక్క రోజైనా ఊగితే బాగుండునని, అప్పుడు ఆ మధ్యాహ్నానికి నాకో జవాబు దొరికేదని అనిపిస్తుంది.